చంద్రగిరి ప్రభువు సాళువ నరసింహరాయలు

విజయనగర సామ్రాజ్యమను మాట వినబడగానే తెలుగువారికి ముందుగా స్ఫురించునది శ్రీకృష్ణదేవరాయల పేరు. ఆ కీర్తికి ఆ మహారాజు అన్నివిధముల తగినవాడే. కాని ఆయన సింహాసనమెక్కుటకు ఇరువది నాలుగేండ్లకు పూర్వము, కూలిపోవుచున్న ఆ సామ్రాజ్యమునకు భుజమొడ్డి నిలిపిన వీరుడు వేరొకడు గలడు. ఆయన మన సీమవాడు. చంద్రగిరి ఆయన కోట. స్వర్ణముఖి ఆయన యేరు. తిరుమల వేంకటేశ్వరుడు ఆయన కొలిచిన దైవము. ఆయనయే సాళువ నరసింహరాయలు.

ఈ ప్రభువు కత్తి పట్టి గెలిచిన యుద్ధములను చరిత్ర గ్రంథములు వర్ణించినవి. ఆయన గెలిచిన కోటలు తరువాత ఎందరి చేతులలోనికో పోయినవి. కాని ఆయన పరిపాలించిన కాలమున తిరుపతి ప్రాంతమున మరియొక పని జరిగినది. దేవునికిచ్చిన దానధనమును పెట్టెలో మూసిపెట్టక, ఒక్క పండుగలో వ్యయము చేయక, చెరువులకును కాలువలకును వినియోగించి, ఆ నీటితో పండిన పంటనుండి నిత్యము నైవేద్యమును అన్నదానమును జరుపు పద్ధతి బలపడినది. కోటలకంటె ఎక్కువకాలము నిలిచినది ఈ పనియే. కావున ఆయన జీవితమును చెప్పునప్పుడు ఈ విషయమును విడువరాదు.

వంశము

సాళువమనగా డేగ జాతికి చెందిన వేటపక్షి. ఆ పేరు ఈ వంశమువారికి బిరుదముగా వచ్చి ఇంటిపేరుగా నిలిచినది. ఈ వంశమున పదునాలుగవ శతాబ్దమున మంగిదేవుడను వీరుడుండెను. విజయనగర రాజకుమారుడైన కుమార కంపన దక్షిణమున మధుర సుల్తానులపై దండెత్తినప్పుడు మంగిదేవుడు ఆయనకు కుడిభుజమై పోరాడెను. 1359వ సంవత్సరమున తిరుమల ఆలయ విమానముపై బంగారు కలశమును ప్రతిష్ఠించినవాడును ఈ మంగిదేవుడే. వేంకటాచలమునకును సాళువ వంశమునకును ఏర్పడిన అనుబంధము ఆనాటినుండియు కానవచ్చుచున్నది.

మంగిదేవుని సంతతిలో గుండరాజు చంద్రగిరి ప్రాంతమును పాలించెను. ఆయన కుమారుడు నరసింహుడు. పదునైదవ శతాబ్దపు నడిమి కాలమున నరసింహుడు తండ్రి అధికారమును పొంది చంద్రగిరి రాజ్యమునకు ప్రభువయ్యెను. అప్పటికి ఆయన సామంతుడే గాని చక్రవర్తి కాడు. చక్రవర్తులు దూరమున హంపీలోనుండిరి.

చెడిన కాలము

1446వ సంవత్సరమున ప్రౌఢ దేవరాయలు కాలధర్మము నొందెను. ఆయన తరువాత సింహాసనమెక్కిన మల్లికార్జునరాయలకు గాని, 1465లో రాజైన విరూపాక్షరాయలకు గాని రాజ్యమును కాపాడు శక్తి లేకపోయెను. ఉత్తరమునుండి ఓఢ్ర గజపతులు, పశ్చిమోత్తరమునుండి బహమనీ సుల్తానులు సామ్రాజ్యమును కొరికివేయసాగిరి. 1463, 1464 సంవత్సరములలో కపిలేంద్ర గజపతి సేనలు తూర్పు తీరము వెంట దిగివచ్చి, కంచిని దాటి, కావేరీ ప్రాంతమువరకును పోయినవి. ఆ దారి మన సీమ ప్రక్కనే గలదు. సేనలు పోవు త్రోవలో పంటలకు గాని పశువులకు గాని రక్షణ యుండదు.

అట్టి దినములలో నరసింహుడు చక్రవర్తి సాయముకొరకు ఎదురుచూడక, తన బలమును తానే పెంచుకొనెను. కపిలేంద్రుని మరణానంతరము గజపతుల ఇంట వారసత్వపు కలహములు పుట్టగా, అదను చూచి ఉత్తరమునకు నడచి ఉదయగిరిని, తీరప్రాంతమును తిరిగి గ్రహించెను. తరువాత బహమనీ సుల్తాను మూడవ మహమ్మదుషా దండెత్తివచ్చి 1481లో కంచి నగరమును కొల్లగొట్టెను. ఆ కొల్లసొమ్ముతో తిరిగిపోవుచున్న సేనలను నరసింహుని సేనాని ఈశ్వర నాయకుడు కందుకూరు చెంత అడ్డగించి, సొమ్మును తిరిగి రాబట్టెను. ఈ ఈశ్వర నాయకుని కుమారుడే తుళువ నరస నాయకుడు. నరస నాయకుని కుమారుడే శ్రీకృష్ణదేవరాయలు.

ఈ విధముగ ముప్పది యేండ్లు నరసింహుని జీవితము గుఱ్ఱముపైననే గడచినది. అయినను ఆ ముప్పది యేండ్లలోనే తిరుమల తిరుపతులయందు ఆయన పేరిట దానశాసనములు వరుసగా కానవచ్చుచున్నవి. యుద్ధమునకు ధనము కావలెను. ధనము పంటనుండి రావలెను. పంటకు నీరు కావలెను. ఈ మూడింటి సంబంధము చంద్రగిరి ప్రభువునకు ఎవరును చెప్పనక్కరలేదు.

నీటి సీమ కాని సీమ

చంద్రగిరి, తిరుపతి ప్రాంతము స్వభావముచేత మెట్టసీమ. కృష్ణా గోదావరులవలె ఏడాది పొడుగున పారు నది ఇచ్చట లేదు. స్వర్ణముఖి వానకాలమున కొన్ని దినములు ఉరవడిగా పారి, తక్కిన కాలమున ఇసుక దిబ్బయై యుండును. కాని ఇసుక క్రింద ఊటనీరు గలదు. ఏటిలో లోతుగా కాలువ త్రవ్వినచో ఆ ఊట చేరి పొలమునకు పారును. దానినే ఊటకాలువ యందురు. కొండలవాలున పడిన వాననీటిని కట్ట వేసి నిలిపినచో చెరువగును. తూము ద్వారా ఆ నీరు ఆయకట్టుకు పోవును. మిక్కిలియైన నీరు మొరవ మీదుగా క్రింది చెరువునకు చేరును.

చెరువును ఒకమారు కట్టి విడిచిన చాలదు. ప్రతియేట పూడిక చేరును, కట్టకు గండ్లు పడును, తూము పగులును. చెరువు కట్టించిన వానికిని, బాగుచేయించు వానికిని దశబంధమను పేర మాన్యభూమి నిచ్చు ఆచారము రాయలసీమ అంతటను వ్యాపించియుండెను. నీటికి పెట్టిన సొమ్ము వ్యర్థము కాదనియు, పెట్టినవానికి న్యాయమైన ప్రతిఫలముండవలెననియు ఈ సీమ పెద్దలు ఎరిగియుండిరి. ఆ ఎరుకయే దేవాలయ ధర్మములయందును ప్రవేశించెను.

చావని పశువులు, తరుగని ధనము

దేవునికి దానమిచ్చు విధములు కాలమునుబట్టి మారినవి. 966వ సంవత్సరమునాటి సామవై అను పల్లవ రాణి తిరుమలలో వెండి విగ్రహమును ప్రతిష్ఠించి, పూజలకొరకు భూమి నిచ్చెను. మరికొందరు అఖండదీపము వెలుగుటకు ఆవుల నిచ్చిరి. ఆ పాలనుండి తీసిన నేతితో దీపము వెలుగవలెను. ఆవులు ముసలివగును, చచ్చును. కాని దూడలు పుట్టి మంద సంఖ్య తరుగక యుండవలెను. అందుకే దక్షిణదేశపు శాసనములలో అట్టి పశువులను చావనివి, ముదియనివి అని పేర్కొనిరి. మూలధనము తరుగరాదు, దాని ఫలమునే వాడుకొనవలెనను సూత్రము ఆ చిన్నమాటలో ఇమిడియున్నది.

పదునైదవ శతాబ్దమున ఈ సూత్రమే ఆవులనుండి కాలువలకు విస్తరించినది. ఆ పద్ధతి ఇట్టిది. ఒక భక్తుడు నిత్యము ఒక నైవేద్యము జరుగవలెనని కొంత ధనమును ఆలయమున కిచ్చును. ఆలయ వ్యవహారములను నడపు పెద్దలను స్థానత్తారులందురు. వారు ఆ ధనమును స్వామి గ్రామములలో ఎచట నీటిపని అవసరమో చూచి, అచట చెరువు లోతు చేయించుటకో, కాలువ త్రవ్వించుటకో వినియోగింతురు. ఆ పనివలన పంట పెరుగును. పెరిగిన పంటలో ఆలయమునకు రావలసిన భాగమునుండి ఆ భక్తుని పేర నిత్యము బియ్యము, నేయి, పప్పు, కూర మొదలగు వానిని లెక్కప్రకారము ఇచ్చి నైవేద్యము జరుపుదురు.

ఉదాహరణమునకు, ఒక గ్రామమున ఏటికి నూరు పుట్ల ధాన్యము పండుచుండెననుకొందము. కాలువ త్రవ్విన పిమ్మట నూటయేబది పుట్లు పండినచో, ఆ అధికమైన యేబది పుట్లలో సేద్యగాని భాగము సేద్యగానికి పోవును. స్వామి భాగము స్వామికి వచ్చును. ఇచ్చిన ధనము మట్టిపనిలో కలిసిపోయినట్లు కనబడినను, ఏటేట ధాన్యరూపమున మరలివచ్చుచుండును. త్రవ్వినవారికి కూలి, దున్నినవానికి పంట, దేవునికి నైవేద్యము, యాత్రికునికి అన్నము, దాతకు పుణ్యము: ఒక్క ధనము ఇన్ని చోట్ల ఫలించినది.

రాజులు, సామంతులు ఎక్కువగా గ్రామముల నిచ్చిరి. గ్రామము నిచ్చుటయనగా అందలి రైతుల పొలములను లాగికొని యిచ్చుట కాదు. ప్రభుత్వమునకు రావలసిన భాగమును దేవునికి వ్రాసి యిచ్చుట. ఆలయ ఉద్యోగులు, ఆచార్యులు, వర్తకులు, ఆలయమున నాట్యసేవ చేయు స్త్రీలు ఎక్కువగా ధనము నిచ్చిరి. రాజులిచ్చిన గ్రామములందు ఈ ధనము నీటిపనులై ప్రవేశించెను. గ్రామమున్నను నీరు లేనిచో ఫలము లేదు. ధనమున్నను పెట్టుటకు నేల లేనిచో ఫలము లేదు. ఈ రెండింటిని కలుపుటయే స్థానత్తారుల నేర్పు.

దాతకు మరియొక హక్కుండెను. తాను ఏర్పరచిన నైవేద్యపు ప్రసాదమున నాలుగవ వంతు దాతకు చెందును. దానిని శాసనములలో విట్టవన్ విళుక్కాడు అనిరి. ఆ భాగమును దాత తానే గ్రహింపవచ్చును, లేదా తనకిష్టమైన ధర్మమునకు వ్రాసి యీయవచ్చును. ఈ నాలుగవ వంతును నరసింహరాయలు ఏమి చేసెనో చూచినచో ఆయన మనస్సు తెలియును.

రామానుజకూటములు

కొండ యెక్కి వచ్చు యాత్రికులకు ఆ కాలమున అన్నము దొరకుట సులభము కాదు. దారి అడవి, కొండమీద నివాసములు తక్కువ. నరసింహరాయలు తిరుమలయందును దిగువ తిరుపతియందును రామానుజకూటములను అన్నసత్రములను నెలకొల్పెను. తాను దేవునికి ఏర్పరచిన నైవేద్యములలో తన వంతు ప్రసాదమును ఆ సత్రములకు చేరునట్లు చేసెను. ప్రభువు ధనము చేనిలో నీరై, కళ్ళములో ధాన్యమై, స్వామి సన్నిధిని నైవేద్యమై, తుదకు దారి నడచి వచ్చిన శ్రీవైష్ణవుని విస్తరిలో అన్నమయ్యెను.

ఈ సత్రముల నిర్వహణమునకు ఆయన కందాడై రామానుజయ్యంగారిని నియమించెను. ఈయన నరసింహరాయలకు గురుతుల్యుడు. ఆలయపు బంగారు భాండారమునకును అధికారియై యుండెను. రాజు యుద్ధమునకు పోయి నెలలకొలది రాకున్నను సత్రమున పొయ్యి ఆరరాదు. ఇచ్చిన గ్రామములనుండి రాబడి రావలెను, నీటిపనులు జరుగవలెను, ప్రసాదపు వంతు లెక్క తప్పరాదు. ఈ భారమంతయు ఆ ఆచార్యునిపై నుండెను. ఆయన తనకై తానును దానముల నిచ్చెను, ఇతరులచేతను ఇప్పించెను. సాత్తాద శ్రీవైష్ణవులను బ్రాహ్మణేతర శిష్యులకు ఈ ధర్మములయందు చోటు కల్పించెను. దానమిచ్చువాడు ప్రభువైనను, దానిని బ్రతికించువాడు నమ్మకమైన నిర్వాహకుడే యని కందాడై రామానుజయ్యంగారి జీవితము చాటుచున్నది.

ఈ వ్యవహారములకు సాక్ష్యము గోడల మీదనే యున్నది. ఎవరు ఎంత ధన మిచ్చిరి, దానిని దేనికి వినియోగింపవలెను, ఏ దినమున ఏ నైవేద్యము జరుగవలెను, అందు ఎవరి వంతు ఎంత యను వివరములన్నియు రాతిపై చెక్కించిరి. తుదిని ఆలయ లేఖకుడైన తిరునిన్ర ఊరుడైయాన్ వ్రాలు కానవచ్చును. చదువగలవాడెవడైనను నిలిచి చదువవచ్చును. కాగితమును చింపవచ్చును, తాటాకును కాల్చవచ్చును. ఆలయపు గోడను మార్చుట కష్టము. దానధనమునకు బహిరంగమైన లెక్క యుండవలెనను నియమమునకు ఇంతకంటె గట్టి రూపము వేరొకటి లేదు.

ఉత్సవములు, కవులు

నరసింహరాయలు నీటినే గాక వేడుకనుకూడ ప్రేమించెను. 1468వ సంవత్సరమున తిరుమల స్వామి పుష్కరిణి నడుమ నీరాళి మండపమును కట్టించెను. తెప్పోత్సవములలో స్వామి తెప్ప ఆ మండపము చుట్టును తిరుగును. 1473లో ఐదు దినముల ఊయల ఉత్సవమును ఏర్పరచెను. ఉత్సవమనిన పూలవారికి, కుండలవారికి, వాద్యకారులకు, వంటవారికి పని. చుట్టుప్రక్కల ఊళ్ళకు సంత.

కవులును ఆయన కొలువున ఆదరము నొందిరి. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన జైమినిభారతమును ఆయనకు అంకితము చేసెను. రాజనాథ డిండిముడు సంస్కృతమున సాళువాభ్యుదయమను కావ్యమున ఆయన విజయములను వర్ణించెను. పదకవితా పితామహుడు తాళ్ళపాక అన్నమాచార్యులు ఆయన సమకాలికుడు. దేవుని కీర్తించిన నోటితో తన్నుగూడ కీర్తింపుమని ప్రభువు కోరగా కవి నిరాకరించెననియు, అందులకు చెరసాల పాలయ్యెననియు, పిమ్మట ప్రభువు పశ్చాత్తప్తుడై క్షమాపణ వేడెననియు అన్నమయ్య మనుమడు రచించిన చరిత్ర చెప్పుచున్నది. ఆ కథ జరిగిన తీరు ఎట్లున్నను, అధికారము ఎంతటివానినైనను కొంత అంధుని చేయుననుటకు అది నిదర్శనముగ నిలిచినది. దాత గొప్పవాడైనను దానము తనకొరకు కాదని తెలియువరకును అది పరిపూర్ణము కాదు.

సింహాసనము

1485 నాటికి హంపీలో పరిస్థితి మిక్కిలి విషమించెను. విరూపాక్షరాయలు కుమారునిచేతనే హతుడయ్యెను. సింహాసనమునకై అంతఃకలహము చెలరేగెను. దేశమును కాపాడు నాథుడు లేక సామంతులందరు నరసింహుని వంక చూచిరి. ఆయన ఆజ్ఞచే నరస నాయకుడు సేనతో రాజధాని ప్రవేశించెను. ప్రౌఢరాయలు కోట విడిచి పారిపోయెను. సంగమ వంశము ముగిసెను. సాళువ వంశము ఆరంభమయ్యెను.

రాజద్రోహమని దీనిని నిందించినవారు గలరు. న్యాయశాస్త్రము దృష్టితో చూచిన నింద తప్పదు. కాని ఆనాడు నరసింహుడు ముందుకు రాకపోయినచో సామ్రాజ్యము గజపతులకును బహమనీలకును పంచబడియుండెడిదని చరిత్రకారులు పెక్కురు అభిప్రాయపడిరి. రాజైన పిమ్మట ఆయన పశ్చిమతీర వర్తకమును పునరుద్ధరించి, ఆరేబియా, పారసీక దేశములనుండి అశ్వములను తెప్పించెను. ఓడలో దారిలో చచ్చిన గుఱ్ఱమునకును వెల చెల్లించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. నష్టమును వర్తకుడొక్కడే మోసినచో మరియొకమారు ఓడ రాదని ఆ ప్రభువు ఎరుగును. ప్రమాదమును పంచుకొన్నచోటనే పెట్టుబడి ధైర్యముగా వచ్చును.

కాని ఆయనకు శాంతి దక్కలేదు. పురుషోత్తమ గజపతి ఉదయగిరిని పట్టుకొనెను. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు కోటలు శత్రువుల చేతులలో నుండగనే 1491లో నరసింహరాయలు పరలోకగతుడయ్యెను. చిన్నవారైన కుమారులను, రాజ్యమును నరస నాయకుని చేతిలో పెట్టెను. ఆ మూడు కోటలను గెలుచు భాగ్యము నరస నాయకుని కుమారునికి దక్కెను. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని 1514లోను, కొండవీటిని 1515లోను, రాయచూరును 1520లోను జయించెను. ఆయన 1513 మొదలుగ ఏడుమారులు తిరుమలను దర్శించెను. నరసింహుడు తీర్చిన బాటపైననే ఆ రాజు నడచెను.

నిలిచినది ఏది?

నరసింహరాయల అనంతరము ఆయన నాటిన పద్ధతి మరింత విస్తరించెను. తాళ్ళపాక పెద తిరుమలాచార్యులు మొదలుగ ఎందరో గ్రామములను ధనమును సమర్పించిరి. 1565 తళ్ళికోట యుద్ధము పిమ్మట సామ్రాజ్యము శిథిలము కాగా ఈ ధర్మములును క్రమముగ సన్నగిల్లెను. 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ పాలన క్రిందికి వచ్చెను. 1843లో ఆలయ నిర్వహణము హథీరాంజీ మఠమునకు అప్పగింపబడెను. 1933లో దేవస్థాన సమితి ఏర్పడెను.

గోడలపై మూగగా నున్న శాసనములను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైన పండితులు చదివి, దేవస్థానము పక్షమున 1930వ దశకమున సంపుటములుగ ప్రకటించిరి. వాని సంఖ్య వేయికి పైమాట. అందు అధికభాగము తమిళమున గలవు. ఆ శాసనములను పరిశీలించి బర్టన్ స్టైన్ అను అమెరికా చరిత్రకారుడు 1960లో ఒక వ్యాసమును వెలువరించెను. 1456 మొదలు 1570 వరకు తిరుపతి ఆలయము దానధనమును నీటిపారుదలకు వినియోగించి గ్రామముల సేద్యమును పెంచిన తీరును ఆయన లోకమునకు తెలియజేసెను. ఆ కాలపు ఆరంభము నరసింహరాయల కాలమే.

ఇటీవల లోకమున ఒక క్రొత్త వృత్తి వ్యాపించినది. ధనమును పెట్టునప్పుడే లాభముతోపాటు పేదలకు, పొలమునకు, నీటికి జరుగు మేలును లెక్కించి పెట్టుదురు. 2007లో ఇటలీలోని బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఏర్పరచిన సమావేశమున దీనికి ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అని పేరు పెట్టిరి. ఆ వృత్తివారు అడుగు ప్రశ్నలు మూడు: మూలధనము నిలుచునా? మేలు ఎవరికి చేరును? లెక్క ఎవరు చూతురు? పేరు క్రొత్తదే గాని ప్రశ్నలు క్రొత్తవి కావు. తిరుపతి స్థానత్తారులు వానికి చెరువుతోను, ప్రసాదపు వంతుతోను, రాతి శాసనముతోను సమాధానము చెప్పిరి.

అయినను ఆనాటి పద్ధతిలో లోపములు లేకపోలేదు. మట్టి మోసినవాని పేరు ఏ శాసనమునను లేదు. సత్రములలో ఆదరము ముఖ్యముగ శ్రీవైష్ణవులకే దక్కెను. పంట పెరిగినప్పుడు సేద్యగానికి ఎంత మిగిలెనో రాతిపై చెక్కినవాడు లేడు. దేవుని వంతును, దాత వంతును అంత జాగ్రత్తగా వ్రాసిన చేతులు దున్నినవాని వంతునుగూడ వ్రాసియుండినచో ఆ లెక్క సంపూర్ణమై యుండెడిది. ఈ కొరతను తీర్చు బాధ్యత తరువాతి తరములపై బడినది. 1985లో తిరుమలలో ఆరంభమైన నిత్యాన్నదానము కుల మత భేదము లేక యాత్రికులందరకు అన్నము పెట్టుచున్నది. దాతలిచ్చిన ధనమును నిధిగ నిలిపి, దానిపై వచ్చు వడ్డీని అన్నమునకు వినియోగించు పద్ధతి అచటను గలదు. మూలము తరుగరాదను పాతసూత్రమే క్రొత్త రూపు దాల్చినది.

చంద్రగిరి కోట నేడు పర్యాటకులు చూచిపోవు స్థలము. నరసింహరాయలు గెలిచిన కోటలలో సైన్యములు లేవు. ఆయన రాజవంశము ఆయన మరణించిన పదునైదేండ్లలోపలనే అంతరించెను. కాని పుష్కరిణి నడుమ నీరాళి మండపమున్నది. కొండమీద యాత్రికుని ముందు విస్తరి యున్నది. కట్టలు తెగిన చెరువులును, పూడిన కాలువలును మన ఊళ్ళ చుట్టును పెక్కులున్నవి. చెరువు కట్టించిన పుణ్యము కట్టించినవానిదే యైనను, పూడిక తీయించిన పుణ్యము ఏ తరమువారిది ఆ తరమువారిదే. ఊరివారి ధనముతో నిలిచిన ధర్మము ఏదైనను, అది చెరువైనను, సత్రమైనను, గ్రంథాలయమైనను, ఏటేట దానికి చేయవలసిన పనిని మరువనంతకాలమే అది నిలుచును. సాళువ నరసింహరాయల చరిత్ర ఈ సీమ ప్రజలకు విడిచిన ఆస్తి ఇదియే.